కలపని గంట

“వంటగది సంగతి నువ్వు చూడు. మిగతాదంతా నేను చూసుకుంటాలే,” అన్నాడు మా ఆయన తాంగీ. నేను అప్పటికి ఆరో రొట్టెముక్కకి ఉప్పు వెన్న రాస్తున్నాను. వాన్ అనే మా రేవు ఊళ్ళో ఇల్లు అమ్మేసి, మిగిలిన కాలమంతా నీళ్ళ మీదే ఉండాలని ఇద్దరం కలిసి అనుకున్నదే. ఎంచుకునే పడవే ఇక ఇల్లు. అందులో నా వాటాకొచ్చింది వంటగది!

ముప్పై ఒక్కేళ్ళుగా ఇదే వరస. మా పాత పడవలో ప్రయాణాలు రాసే లాగ్ పుస్తకంలో ‘స్కిప్పర్’, అంటే పడవ నడిపే పెద్ద, అన్నచోట ప్రతిసారీ అతని పేరే ఉంటుంది, రాసింది మాత్రం నేను. గాలి ఎటు మళ్ళుతుందో కనిపెట్టేది నేను. ఆటుపోట్ల వేళలు చీటీ మీద రాసి, చుక్కాని చక్రం పక్కన అంటించేది నేను. “మా నోల్వెన్ రాత ముత్యాలనుకో,” అని రేవులో అందరికీ చెప్పుకుంటాడు. మా అత్తగారైతే, “నా కొడుకు సముద్రాన్ని వాసన చూసి చెప్పేస్తాడమ్మా,” అని మురిసిపోతుంది. కొడుకు వాసన చూసేది నా చీటీనే అని ఆవిడకెవరు చెప్పాలి?

అంతకు ముందురోజు బూడిదరంగు పడవ చూశాం. రంగు వేయని అల్యూమినియం ఒళ్ళు. అడుగున ఉండే రెక్కని పైకి లేపుకోవచ్చు, ఆటుకి నీళ్ళు తీసేస్తే బురదలో నిమ్మళంగా కూర్చుంటుంది. పెద్ద పెద్ద మంచినీళ్ళ తొట్లు, చలికి హీటరు, పడుకోవడానికి వెచ్చటి గది. ఏళ్ళ తరబడి కాపురం ఉండటానికి అంతకంటే మంచిది దొరకదు, కాదనను. పడవలమ్మే ఫిర్మిన్ నన్ను తిన్నగా వంటగదిలోకే తీసుకెళ్ళాడు. మూడు వైపులా గట్టు, ఓవెను, లోతైన సింకు. “చూడండి మేడం, సముద్రం ఎంత ఎగిరిపడినా మీరిందులోంచి తూలి పడరు. గంటల తరబడి వండుకోవచ్చు!” అన్నాడు. నిజమే, మూడు వైపులా బిగించేసే వంటగది. నాకు అక్కడ నిలబడగానే ఊపిరాడలేదు.

మర్నాడు, అంటే రొట్టెలకి వెన్న రాసుకున్న రోజున, నడిపి చూడటానికి నీలం పడవ. వెనకభాగం ఇంత వెడల్పు, రెండు చుక్కానులు, రెండు చక్రాలు. పందేనికైనా, దూరప్రయాణానికైనా సై అనే ఒళ్ళు. వంటగది అంటే గోడ పక్కన రెండు పొయ్యిలు, అంతే. నిలబడితే వీపుకి బల్ల తగులుతుంది. “ఇది ఆడవాళ్ళకి నచ్చదు సార్,” అని ఫిర్మిన్ తాంగీ చెవిలో అన్నాడు, నాకు వినబడేంత గట్టిగా. ఎక్కువసేపు నిలబడి వండటం కుదరని వంటగది! ఆహా, దాన్ని గీసిన మహానుభావుడికి దండం పెట్టాలనిపించింది.

రేవు వదిలి అఖాతం దాటాక, ఇంజను చూసొస్తానని తాంగీ కిందికి దిగాడు. చక్రం నా చేతికొచ్చింది. పట్టుకోవడానికి రెండు వేళ్ళు చాలు. గాలి గట్టిపడగానే పడవ ఒక పక్కకి ఒరిగి, అక్కడే కుదురుకుని పరుగందుకుంది. వేగం గంటకి ఎనిమిది సముద్రపు మైళ్ళు, తొమ్మిది, తొమ్మిదిన్నర. నేనెటు తిప్పాలనుకుంటున్నానో చేతికంటే ముందు దానికే తెలిసిపోతోంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, సిగ్గులేకుండా కేక పెట్టాను. ఇంత సంతోషం ఇన్నేళ్ళూ నా ఒంట్లో ఎక్కడ దాక్కుందో! పది నిమిషాలకి తాంగీ పైకొచ్చాడు. “చాల్లే, ఇటివ్వు. వెళ్ళి తినడానికేమన్నా చూడు,” అన్నాడు. ఇచ్చేశాను. ఎందుకిచ్చానో నాకే తెలీదు.

తిరిగొచ్చేసరికి నాలుగున్నర. నేను కింద రొట్టెలు సర్దుతున్నాను, ఫిర్మిన్ ముందుభాగంలో తెరచాప మడుస్తున్నాడు. బుట్ట అడుగున కనబడింది నా చీటీ. అంటించడం మర్చిపోయాను! తల పైకి పెట్టి చూస్తే, తాంగీ లోతు లేని పాయలోకి తిప్పుతున్నాడు.

“అటు కాదు! నీళ్ళింకా తీస్తున్నాయి!”

“నాలుగింటికే ఆటు అయిపోయింది, ఆటుపోట్ల పుస్తకంలో ఉంది చూడు. ఇప్పుడు వచ్చేది పోటే.”

“పుస్తకంలో ఉండేవి చలికాలం వేళలు. వేసవిలో గడియారాలు గంట ముందుకి జరుపుతాం కదా, ఆ గంట కలపాలి తాంగీ.”

“ఏ గంట? ముప్పై ఒక్కేళ్ళలో నేనెప్పుడూ ఏ గంటా కలపలేదు!”

నిజమే పాపం, కలపలేదు. ఏటా వేసవిలో ఆ గంట కలిపి రాస్తున్నది నేను. పుస్తకానికి గంట కలపాలన్న సంగతే అతనికి తెలీదు. నోరు తెరిచేలోపే పడవ మెత్తగా బురదలో దిగబడి ఆగిపోయింది.

తాంగీ చక్రం వదిలేశాడు. నా దగ్గరున్న బుట్ట కెలికాడు. అత్తగారు ప్రేమగా ఇచ్చిన మాంసం సీసా చేతికొచ్చింది. మా వైపు పడవ మీద ఆ జంతువు పేరు కూడా ఎత్తరు, అంత అరిష్టం. “పొడుగు చెవులదాన్ని పడవ ఎక్కించావా? ఇంకేం, అందుకే ఇలా ఏడ్చింది!” అన్నాడు.

“కుందేలు,” అన్నాను గట్టిగా. ఫిర్మిన్ ఉలిక్కిపడ్డాడు. “మీ అమ్మ వండిన కుందేలు. దానికి గంటలు కలపడం రాదు తాంగీ.”

అతని మొహం ఎర్రబడింది. వెంటనే గొంతు మార్చాడు. “సరేలే, బూడిదరంగుదే తీసుకుందాం. దిగబడితే రెక్క పైకెత్తుకోవచ్చు. వంటగది కూడా సుఖంగా ఉంటుంది. నీకోసమే చెబుతున్నా.”

“నాకోసమైతే నీలందే. ఇల్లు అమ్మడానికి నా సంతకం కూడా కావాలిగా. దీనికైతేనే పెడతాను.”

“ఇంత వేగం పోయే పడవని నడపడమంటే మాటలా?”

“కాదు. అందుకే నేను నడుపుతాను.”

నేల తగిలితే లాగ్ పుస్తకంలో రాయాలి. ఫిర్మిన్ ఈ పడవ పుస్తకం తెచ్చి తిన్నగా నాకే ఇచ్చాడు, రాతపని కదా. నాలుగూ ముప్పై అయిదు, బురదలో ఆగాం, కారణం కలపని గంట, అని రాశాను. కిందిది ఇక్కణ్ణించి రేవుకి వెళ్ళడానికి కొత్త వరస. స్కిప్పర్ అన్నచోట ఖాళీ. అక్కడ నా పేరే రాశాను. తాంగీ నా భుజం మీంచి చూశాడు. ఆ పేరు చదివి, పుస్తకం తనే మూసి ఫిర్మిన్‌కి ఇచ్చాడు.

అయిదింటికి నీళ్ళు తిరిగాయి. అయిదున్నరకి పడవ అడుగున చిన్న కదలిక. చక్రం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

“మరి నేనేం చేయాలి?” అన్నాడు తాంగీ, వేళాకోళం ఏమీ లేకుండా.

“కిందికెళ్ళి రొట్టెలకి వెన్న రాయి. మిగతాదంతా నేను చూసుకుంటాలే.”