మొక్కుబడి టమాటాలు

“ఇసం పోసి పెట్టిన. పొద్దుగాల ఓసారి, మాపటికి ఓసారి. ఎన్ని దినాలైనా గట్లనే ఉంటయి. జకర్యా పెద్దయ్యకు మాత్రం చెప్పకు!”

ప్రహరీ గోడకు ఇవతల జకర్యా నోట్లో వేపపుల్ల టక్కున ఆగింది. అవతలి పెరట్లో మాట్లాడుతున్నది పొరుగింటి హెప్సిబా, అంగన్‌వాడీ టీచరు. రెండో గొంతు వినబడలేదు కాబట్టి ఫోనులోనే అయ్యుంటుందని అనుకున్నాడు. జకర్యా ముప్పై ఏళ్ళు బస్సులో కండక్టరుగా చేసి, ఎడమ చెవిని ఇంజనుకే అప్పగించి రిటైరైన మనిషి. విషాన్ని ఆ అడవి అంచు ఊళ్ళలో ఇసం అనే అంటారు. తన పేరు పక్కన విషం వినబడితే ఎంతటి విశ్వాసికైనా విశ్వాసం సడలదా మరి?

“ఏమే, విన్నవా?” అని ఇంట్లోకి పరిగెత్తాడు. మంచం ఖాళీ. భార్య అంతోనమ్మ కంటి ఆపరేషను తర్వాత ఇచ్చిన నల్ల కళ్ళద్దాలతో ‘జరసేపు కాళ్ళు సాగదీసుకొస్త’ అని ఎటో వెళ్ళింది.

ఆ అనుమానానికి వెనకాల ఒక పండుగ ఉంది. బూర్గంపాడు నుంచి భద్రాచలం వెళ్ళే దారిలో ఉన్న ఆ ఊరి చర్చిలో ఏటా కోతపండుగ చేస్తారు. ఎవరి పెరటి తొలి కాపు వాళ్ళు తెచ్చి దేవుడి బల్ల ముందు పెట్టాలి, ప్రార్థనయ్యాక దాంతోనే అందరికీ ప్రేమవిందు వండాలి. నియమం మాత్రం గట్టిది. దేవుడి పేరున కోసి పక్కన పెట్టింది తినకూడదు, మార్చకూడదు, కొన్నది కలపకూడదు. ఈసారి ఊరంతా శనివారమే కోసి పెట్టుకున్నారు. సాయంత్రానికి జస్టిన్ పాస్టరుగారికి చలిజ్వరం. పండుగ పన్నెండు రోజులు వెనక్కి పోయింది.

పండుగ ఆగుతుంది గానీ పండు ఆగుతుందా? ఊళ్ళో కూరగాయలన్నీ కూర గాయాలయ్యాయి. బెండకాయలు ఎండి బెండులయ్యాయి. దోసకాయ మెత్తబడితే ‘ఎవరి దోషమో’ అని అత్తాకోడళ్ళు తగువులాడుకున్నారు. బియ్యం డబ్బాలో దాచినవాళ్ళవి బియ్యాన్ని కూడా తడిపాయి.

జకర్యాకు మాత్రం అది నవ్వులాట కాదు. “నా భార్యకు చూపు తిరిగొస్తే మా పెరటి టమాటాల తొలి కాపు నీ బల్ల మీద పెడత ప్రభువా” అని దవాఖానా వరండాలో కన్నీళ్ళతో మొక్కుకున్నాడు. చూపొచ్చింది. టమాటాలూ వచ్చాయి. కోసిన బుట్ట ఫ్రిజ్జు దాకా తెచ్చేసరికి కాస్త వెలితిగా అనిపించింది గానీ, కుదురుకున్నాయేమోలే అనుకుని అన్నింటినీ ఒక ప్లాస్టిక్ సంచిలో కుక్కి, మూతి బిగించి, తోడుగా అరటిపళ్ళు కూడా పెట్టాడు. ఆరో రోజు విప్పి చూస్తే సంచి నిండా చెమట, చెమట నిండా రసం. భార్యకు తెలియకుండా పెరటి మూలలో పాతిపెట్టాడు.

అటు టమాటాలు కుళ్ళాయి, ఇటు జకర్యా కుళ్ళుకున్నాడు. ఎందుకంటే హెప్సిబా ఊరంతా చెప్పుకుంటోంది: “మావి కోసిన్నాడు ఎట్లున్నయో గట్లనే ఉన్నయి.”

ఎట్లుంటయ్? మందు కొట్టనిదే ఎట్లుంటయ్? ఇప్పుడు ఇసం మాట చెవిన పడనే పడింది. కండక్టరు కన్ను మేలుకుంది. టికెట్ లేనివాణ్ణి మొహం చూసి పట్టినవాడు, మొగం మాడని వంకాయను చూసి పట్టలేడా? చారెడు చక్కెర వంకతో హెప్సిబా ఇంటికి వెళ్ళాడు. పెరట్లో వేపచెట్టు నీడన నడుమెత్తు ఇటికల తొట్టి, మీద తడిసిన గోనెపట్టా. తొట్టి గోడ కింద నుంచి నీళ్ళు ఊరుతున్నాయి.

“అండ్ల ఏందమ్మా?”

“పండుగనాడు చూద్దువు గాని, పెద్దయ్యా,” అని హెప్సిబా నవ్వుతూ అడ్డం నిలబడింది.

దాచిపెట్టి నవ్వేవాళ్ళను జకర్యా బస్సులో చాలామందిని చూశాడు. ఇంతలో ఒక కోడి వచ్చి ఆ ఊట నీళ్ళు తాగింది. అయిపోయింది, కోడి పని అయిపోయిందనుకుని, చక్కెర గ్లాసు పట్టుకుని గోడ మీద నుంచి గంటసేపు కాపలా కాశాడు. కోడి చావలేదు సరికదా, గడ్డివాములో దూరి గుడ్డు పెట్టి అరిచింది. ‘నిదానంగా పనిచేసే ఇసం గావచ్చు’ అని ఆయన తేల్చుకున్నాడు.

పండుగ ముందురోజు కోటేష్ ఆటో ఎక్కి భద్రాచలం వెళ్ళి, మార్కెట్టులో టమాటాలు కొని, బుట్టలో పేర్చి గుడ్డ కప్పాడు. టికెట్ లేని ప్రయాణికులను దింపిన మనిషి, టికెట్ లేని టమాటాలను దేవుడి బండి ఎక్కిస్తున్నాడు మరి!

పండుగనాడు దేవుడి బల్ల ముందు బుట్టలు వరసగా నిలిచాయి, సంఘపెద్ద జకర్యాది అన్నిటికంటే ముందు. హెప్సిబా రెండు బుట్టలు తెచ్చింది. ఒకదాంట్లో వంకాయలు, ఒకదాంట్లో మడతలు పడ్డ నాటు టమాటాలు, అప్పుడే చెట్టు దిగినట్టున్నాయి. వంకాయలకు వంక పెట్టడానికే లేదు. ప్రార్థనయ్యాక విందు వండే ప్రమీల ఆ టమాటాల బుట్టను బయటి పొయ్యి దగ్గరికి తీసుకెళ్ళి కత్తిపీట ముందేసుకుంది.

“ఆగుండ్రి! కొయ్యకు ప్రమీలా, వాట్ల ఇసం ఉంది!”

బస్సు బ్రేకు పడ్డట్టు అందరూ ముందుకు ఊగి ఆగారు.

“ఇసమా?” హెప్సిబా ముందుకొచ్చింది. “ఎవరన్నరు పెద్దయ్యా?”

“నువ్వే అన్నవ్. నా చెవులతోని విన్న!”

“చెవులెక్కడియయ్యా నీకు? పనిచేసేది ఒకటే గదా,” అంది వెనక నుంచి అంతోనమ్మ.

“ఒకటైనా సక్కగ విన్నది! ఇసం పోసిన, జకర్యాకు చెప్పకు అన్నది. పన్నెండు దినాలైనా వాడలే, ఏమంటవ్?”

హెప్సిబా నెత్తి కొట్టుకుంది. “ఇసం గాదు పెద్దయ్యా, ఇసుక! ఇటికలతోని రెండు గోడలు కట్టి, నడుమ గోదారి ఇసుక పోసి, రెండు పూటల తడుపుతున్న. తడి ఆరుతుంటే లోపల సల్లగ ఉంటది. కరెంటు లేదు, మందు లేదు. భద్రాచలంల ట్రైనింగుల నేర్పిండ్రు. అరటిపండ్లు మాత్రం పక్కన పెట్టొద్దన్నరు, అన్నిటిని జల్దీ మగ్గబెడ్తయట.”

అరటిపళ్ళ మాట విని జకర్యా ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా కండక్టరు దిగిపోడు. “మరి నాకు చెప్పొద్దని ఎవరికి చెప్పినవ్?”

“నాకే. ఆ పొద్దు ఈమె పెరట్ల ఉన్నది నేనే,” అంది అంతోనమ్మ, బుట్టలోంచి ఒక టమాటా తీసి. “ఈ మడతలు చూడు. ఎవరి చెట్టు కాయ ఇది? నీ కుక్కుడు సంగతి నాకెరికే. నువ్వు సంచిల కుక్కక ముందే సగం తీసి ఈ పిల్ల ఇసుకల దాపిచ్చిన. చెప్తే నీ మనసు నొస్తదని ఇద్దరం దాచినం.”

మొక్కు బతికే ఉంది! జకర్యా కళ్ళు చెమ్మగిల్లాయి, ఇసుక లేకుండానే. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. అంతోనమ్మ చర్చిలోకి నడిచి, నల్ల కళ్ళద్దాలు తీసి, మొదటి బుట్ట మీదికి వంగింది.

“మరి ఇవి ఏ పెరట్లయి? గుడ్ల లెక్క నున్నగున్నయి. మన చెట్టు చూస్తే నవ్వుతది.”

“నీకు... గంత సక్కగ కనబడుతున్నదా?”

“కనబడాలనే గదయ్యా మొక్కినవ్!”

చర్చి అంతా ఘొల్లుమంది. పాస్టరుగారు దగ్గుతూ నవ్వు ఆపుకున్నారు. “మార్కెట్టువి పప్పులో వెయ్యండి, ఇంటివి బల్ల మీద పెట్టండి,” అన్నారు. మొక్కు తీర్చాల్సినవాడే మోయాలంది అంతోనమ్మ. జకర్యా నాటు టమాటాలను రెండు చేతులా తెచ్చి బల్ల మీద పెట్టి, జనం వైపు తిరిగి, ఫ్రిజ్జూ, పాతిపెట్టిందీ, కోడీ, కోటేష్ ఆటో, అన్నీ ఒక్కొక్క స్టాపూ దాటకుండా ఒప్పుకున్నాడు. చివరికి హెప్సిబా ముందు ఆగి, “తప్పయింది బిడ్డా,” అన్నాడు.

ఆఖరు వరసలో ఎనభై దాటిన పోతయ్య చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని లేచాడు. “ఏందిరా? ఎవరికో ఇసం పెట్టిండ్రంట?”

జకర్యా ఆయన దాకా నడిచి వెళ్ళి, వెనక సీటు దాకా వినిపించే పాత గొంతుతో అరిచాడు: “ఇసుక, పోతయ్య తాతా, ఇసుక! ఇసం ఉన్నది నా బుర్రల!”