ఒకే గడ్డిలో రెండు బోర్డులు

హాల్డేన్ దంపతుల ఇంటి ముందు గడ్డిలో రెండు బోర్డులు నిలబడ్డాయి. కార్ల పన్నంతా రోడ్లకే కేటాయించాలా అని ఆ నవంబరు ఎన్నికల్లో ఓ ప్రశ్న పెట్టారు. "కావాలి" అన్న బోర్డు, కౌంటీ రోడ్ల విభాగంలో పనిచేసే ఆరిన్‌ది. "వద్దు" అన్నది అతని భార్య మార్లిస్‌ది. ముసలివాళ్ళ, రోగుల ఇళ్ళకు నర్సులను పంపే కౌంటీ ఆఫీసులో ఆమె ఫోను దగ్గర కూర్చుంటుంది. ఆ పన్ను రోడ్లకు పోతే మొదట మూతపడేది ఆ నర్సుల విభాగమేనని ఆమె భయం.

పోస్టులో వచ్చిన ఓటు కాగితాలను ఇద్దరూ వంటింటి బల్ల దగ్గరే నింపారు, దెబ్బలాడుకుంటూనే. ఆ ఊపులో ఒకరి కవరు మీద ఇంకొకరు సంతకం పెట్టేశారు. సంతకాలు కలవలేదని ఎన్నికల ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఇవాళ అయిదులోగా వచ్చి సరిచేసుకోకపోతే రెండు ఓట్లూ చెల్లవు.

"పోనీలే మార్లీ," అన్నాడు ఆరిన్, కాఫీ కప్పు వదలకుండా. "నీ ఓటూ నా ఓటూ ఎలాగూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇంట్లోనే ఉందాం, పెట్రోలైనా మిగుల్తుంది."

"నీ ఓటు నీ ఇష్టం. నాది మాత్రం లెక్కలోకి రావాల్సిందే. తాళాలియ్యి, నేనే పోతా."

"నువ్వు నడిపితే ఆ కారు ఆఫీసు దాకా చేరదు తల్లీ. పద."

నాలుగు మైళ్ళు పోయారో లేదో, దభీమని కారు గోతిలో పడింది. ముందు టైరు పగిలింది.

ఆరిన్ మొహం వెలిగిపోయింది. "చూశావా! రోడ్డే నా తరఫున మాట్లాడింది!"

మార్లిస్ గడియారం చూసుకుంది. నాలుగుంపావు. "ఇక నా ఓటు పోయినట్టే కదా?"

ఆమె మొహం చూసి అతను నవ్వడం ఆపేశాడు. జాకీ తీసుకుని, టైరు పక్కన మట్టిలో మోకరిల్లాడు. కిందటి చలికాలం ఆపరేషనయిన మోకాలది.

"మెల్లగా!" అంది మార్లిస్. తర్వాత ఊరుకోలేకపోయింది. "అన్నట్టు, ఆ మోకాలు వంచడం నీకు నేర్పిందెవరో?"

"బెవర్లీ," అని గొణిగాడు ఆరిన్. బెవర్లీ అంటే ఆరువారాల పాటు వారానికి మూడుసార్లు ఇంటికొచ్చి అతన్ని తిడుతూ నడిపించిన కౌంటీ నర్సు.

"ఆమె జీతం ఎక్కణ్ణుంచి వస్తోందో?"

"ఆ బోల్టు ఇలా ఇయ్యవే. నోరు తర్వాత."

ఆఫీసు గుమ్మం తొక్కేసరికి అయిదుకి పది నిమిషాలుంది. పాత కవర్లు రద్దుచేసి, గుమస్తా కొత్త ఓటు కాగితాలిచ్చింది. "ఈసారి ఎవరి కవరు మీద వాళ్ళే, సరేనా? ఈ వారం మీరు నాలుగో జంట."

మార్లిస్ రెండు నిమిషాల్లో ఓటేసే తెర వెనకనుంచి బయటికొచ్చింది. ఆరిన్ మాత్రం తెర వెనక చాలాసేపున్నాడు.

"ఏం వేశావు?"

"రహస్య ఓటు మేడమ్. చట్టం."

"ఇంతసేపా?"

"నా మోకాలితో మాట్లాడుకోవాల్సి వచ్చింది."

మర్నాడు పొద్దున మార్లిస్ కిటికీ తెర తీసింది. గడ్డిలో ఆరిన్ బోర్డు "కావాలి" అంటూ ఎప్పట్లాగే నిలబడి ఉంది. రాత్రి గాలికి పడిపోయిన "వద్దు" పక్కన అతను మోకరిల్లి, సుత్తితో దాన్ని మళ్ళీ పాతుతున్నాడు.