కిరాణా కొట్టులో కొన్న మాత్రలు

పెద్ద వయసువాళ్ళను చూసే డాక్టర్ వానెక్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు వేసుకునే మందులన్నీ కాగితపు సంచిలో పట్టుకెళ్ళాలి. నేను మా ఆయన ఎల్విన్‌వి పదకొండు సీసాలు తీసుకెళ్ళాను. గుండె డాక్టరు రాసినవి, మోకాళ్ళ డాక్టరు రాసినవి, మాటిమాటికీ మూత్రం రాకుండా ఒకటి. మిగతావి ఎవరు రాశారో నాకే గుర్తు లేదు.

మూడు నెలలుగా ఆయనకు మతి నిలవడం లేదు. నలభై ఏళ్ళు ఆవులు పితికిన మనిషి, మొన్న కొట్టం ఎటువైపని నన్నే అడిగాడు. మతిమరుపు వాళ్ళను చూసుకునే హోంలో ఒక మంచం ఖాళీ అయింది. శుక్రవారంలోగా, ఇది మతిమరుపు జబ్బేనని డాక్టరు సంతకంతో కాగితం ఇవ్వాలి. ఇది పోతే మళ్ళీ ఏడాది ఆగాలట.

"సంతకం తర్వాత. ముందు సంచి చూద్దాం," అంది డాక్టరు.

"కొంటారా ఏంటి? బేరం మా ఆవిడతో ఆడండి," అన్నాడు ఎల్విన్.

డాక్టరు నవ్వి, ఒక్కో సీసా చదివి, ఎందుకు వేసుకుంటున్నాడో అడిగింది. తర్వాత తిండి, నడక, నిద్ర గురించి అడిగింది.

"నిద్రకి ఏమైనా ఇస్తున్నారా డోర్తియా?"

"మందులేం లేవండి."

"రోజూ రాత్రి రెండు నీలం మాత్రలు మింగిస్తావుగా," అన్నాడు ఎల్విన్.

"అవి మందులా? కిరాణా కొట్లో సబ్బుల పక్కన అమ్ముతారు."

డాక్టరు కలం కింద పెట్టింది. "ఎప్పట్నుంచి?"

"నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ నుంచి. మూడు నెలలయింది."

మూత్రం మాత్రల సీసా మీద తేదీ కూడా ఆ నెలదే. ఆ మాత్రా, నీలం మాత్రా విడివిడిగానే పెద్ద వయసువాళ్ళకు అంత మంచివి కావనీ, రెండూ కలిస్తే మెదడును మందగింపజేస్తాయనీ డాక్టరు చెప్పింది.

"అయితే నేనే చేశానా?"

"ఆయన నిద్రపోవాలని ఇచ్చారు. అడగాల్సింది మేము."

మా ఎదుటే మూత్రం డాక్టరుకు ఫోన్ చేసి ఆ మాత్ర ఆపించింది. గుండె డాక్టరు గుండెను చూశాడు, బాగానే చూశాడు. ఈ మనిషిని మొత్తంగా చూసింది ఈవిడే.

"అంతా వీటివల్లేనని మాటివ్వలేను. రక్తపరీక్షలు చేద్దాం. మూడు వారాలు ఆగండి."

"మంచం పోతుంది డాక్టర్."

"పోతుంది. నా అంచనా తప్పయితే ఇంకో మంచం కోసం నేనే తిరుగుతాను."

ఆ రాత్రి నుంచి నీలం మాత్రలు మానేశాం. శుక్రవారం హోంకి కాగితం పంపలేదు. వాళ్ళు మా పేరు వెయిటింగ్ లిస్టులో వేశారు. మొదటి వారం ఏ మార్పూ లేదు. డాక్టరును మనసులో తిట్టుకున్నాను కూడా.

మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళాం.

"ఇవాళ ఏ వారం ఎల్విన్ గారూ?"

"బుధవారం. మీ గోడ గడియారం పది నిమిషాలు వెనకుంది."

ఆవిడ తన వాచీ చూసుకుని, లేచి గడియారం ముల్లు సరిచేసింది.

బయటికి రాగానే హోంకి ఫోన్ చేసి, లిస్టులోంచి మా పేరు తీసేయమన్నాను. ఏ పేరని అడిగింది అవతలి అమ్మాయి. ఎల్విన్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, తన పేరు ఒక్కో అక్షరం చెప్పాడు.