నాలుగున్నరకి నూట పన్నెండు

"నాలుగున్నరకి ఏం చేస్తున్నావు?" అన్నారు ఆయన, రాత్రి భోజనానికి కూర్చుంటూ.

వడ్డిస్తున్న నా చేతిలో గరిటె ఆగింది. ఆయన గొంతులో కోపమేమీ లేదు. మాత్రల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం ఆయనది. మాత్ర బరువు తేడా వస్తే అక్కడి మిషన్ల సంగతి ఎలా ఆరా తీస్తారో, ఇంట్లో నా సంగతీ అలాగే తీస్తారు. ఫోను నా వైపు తిప్పి చూపించారు. తెర మీద నా రోజంతా ఒక గీతలా సాగి, నాలుగున్నర దగ్గర ఒక్కసారిగా పైకి లేచింది.

"అడుగులు లేవు. అంటే కూర్చునే ఉన్నావు. గుండె మాత్రం నూట పన్నెండు కొట్టుకుంది. ఎందుకు?"

"అమ్మతో ఫోన్లో మాట్లాడుతున్నా. ఏదో మాటా మాటా పెరిగింది."

ఆయన తెర మీద ఇంకేదో నొక్కారు. "ఆ టైములో మీ అమ్మకి కాల్ వెళ్ళలేదే."

"అయితే అది నిన్నేమో" అనేసి, కూరగిన్నె వంకతో వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ కెమెరా ఉంది. దాని ముందు ముఖం మామూలుగా పెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. నిజం చెప్తే ఆయన నవ్వి ఊరుకునేవారేమో. నవ్వినా నాకు నష్టమే. నలభై రెండేళ్ళ ఇల్లాలు, బట్టలుతికే గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని, చిన్నప్పటి వీడియో గేమ్ ఆడుకుంటోంది. ఆ మాట ఆయన చెల్లెలికి చేరి, అక్కణ్ణుంచి కుటుంబం గ్రూపులోకి ఎక్కి, ఏ పెళ్ళికెళ్ళినా ఎవరో ఒకరు "ఏమ్మా, ఎంత స్కోరు?" అని అడిగేదాకా వెళ్తుంది. ఆ తర్వాత అది నాది కాకుండా పోతుంది.

ఆ గేమ్ పెట్టె అమ్మ పంపింది. ఇల్లు మారుతూ, నా పాత పుస్తకాలతో పాటు అట్టపెట్టెలో పడేసింది. ఆయన చూసి "చెత్తబండికి ఇచ్చెయ్" అన్నారు. నేను మాత్రం దాన్ని వాషింగ్ మిషన్ వెనక దాచాను. అత్తయ్య పారెయ్యనివ్వని పాత డబ్బా టీవీ కూడా ఆ గదిలోనే ఉంది. ఒకరోజు రెండింటికీ వైరు కలిపి, క్యాసెట్టు తీసి నోటితో ఊది, లోపల పెట్టి స్విచ్ వేశాను. అంతే, వచ్చేసింది. నీ పేరేమిటని అడగలేదు. ఫోన్ నంబరు అడగలేదు. మేము పెట్టిన షరతులన్నిటికీ ఒప్పుకుంటున్నావా అని నిలదీయలేదు. ఒక గని, చేతిలో లాంతరు పట్టుకున్న చిన్న బొమ్మ మనిషి, మూడు ప్రాణాలు. అంతస్తు తర్వాత అంతస్తు కిందికి దిగుతూ, లాంతరులో నూనె అయిపోయేలోగా నూనెడబ్బాలు ఏరుకోవాలి. ఆపేస్తే స్కోరు చెరిగిపోతుంది. నేను ఎన్నిసార్లు చచ్చానో ఎవరికీ చెప్పదు.

చిన్నప్పుడు నేను నాలుగో అంతస్తు దాటలేదు. అన్నయ్య మూడు ప్రాణాలూ పోయాక నా వంతు వచ్చేది. నేను మొదలుపెట్టగానే వంటింట్లోంచి అమ్మ పిలుపు. "నువ్విటు రావే, వాణ్ణి ఆడుకోనీ." నేను లేచేదాన్ని. నా ప్రాణాలు అన్నయ్య వాడేసుకునేవాడు. ఐదో అంతస్తులో ఏముంటుందని అడిగితే "నీకెందుకు" అనేవాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత కూడా అది చూడాలని ఇంత పట్టుదల ఉంటుందని నేను అనుకోలేదు.

నా ఉద్యోగం ఇంటి నుంచే. పడగ్గది మూల బల్ల, దాని మీద కంప్యూటరు, పొద్దున్న ఏడు నుంచి నాలుగు దాకా ముక్కూ మొహం తెలియనివాళ్ళ ఫిర్యాదులకు రాతలో జవాబులు. మౌసు నాలుగు నిమిషాలు కదలకపోతే నా పేరు పక్కన ఆకుపచ్చ చుక్క పసుపుగా మారుతుంది. ఒకరోజు మా టీమ్ లీడరు అందరూ చూసే చోట రాసింది, "ఈరోజు ఐదుసార్లు పసుపు వచ్చింది, కడుపు బాగాలేదా?" అని. ఇరవై మంది నవ్వుబొమ్మలు పెట్టారు. నేనూ ఒక నవ్వుబొమ్మ పెట్టాను. నాలుగింటికి ఆ బల్ల ముందు నుంచి లేస్తే హాల్లో కెమెరా, వంటింట్లో కెమెరా, చేతికి బ్యాండు. బ్యాండు ఆయన కిందటేడు నా పుట్టినరోజుకి కొన్నారు. చేతికి తనే పెట్టి, దాన్ని తన ఫోనుకి కలుపుకున్నారు. "నీ ఆరోగ్యం కోసమే. లెక్క ఉంటే మనిషి దారిలో ఉంటాడు" అన్నారు. ఆయన చేతికి మాత్రం వాళ్ళ నాన్నగారి పాత గడియారం. అది ఎవరికీ ఏమీ చెప్పదు.

రోజు మొత్తంలో నాకు మిగిలింది ఆ అరగంట. దాన్ని వదులుకోవడం నా వల్ల కాలేదు. బ్యాండు తీసి పక్కన పెడదామంటే, "చేతి మీద లేదు" అని ఆయన ఫోను మోగుతుంది. మర్నాడు సాయంత్రం అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. ఆవిడ టీ తాగాక హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి ఇరవై చుట్లు తిరుగుతారు, డాక్టరు చెప్పినప్పటి నుంచీ.

"అత్తయ్యా, నడిచేటప్పుడు ఇది మీరు పెట్టుకుంటారా? నా అడుగులు రోజూ తక్కువొస్తున్నాయి."

"నీ అడుగులు కూడా నేనే నడవాలా?" అన్నారు ఆవిడ. అంటూనే చెయ్యి చాచారు. బ్యాండు మీదికి, ఎండాకాలంలోనూ విడవని స్వెట్టరు చెయ్యి లాక్కుని, కెమెరా వైపు ఓరగా చూసి, "నీ మొగుడికి తెలిస్తే ఇద్దరినీ గుమ్మం బయట నిలబెడతాడు" అని నడక మొదలుపెట్టారు.

అలా రెండు నెలలు. మొదట అరగంటే. తర్వాత్తర్వాత భోజనం కాగానే ఇచ్చేసి, ఆయన వచ్చే ఆరింటికి ముందు తీసేసుకునేదాన్ని. ఆయన ఎంత సంతోషించారో. "ఈమధ్య బాగా నడుస్తున్నావు" అన్నారు. "మధ్యాహ్నం కాసేపు కునుకు తీస్తున్నావు, మంచిదే" అన్నారు. నాలుగింటి దాకా షిఫ్టులో ఉండే మనిషి రెండింటికి ఎలా నిద్రపోతుందని ఆయనకు తట్టలేదు. నాకది మొదట తమాషాగానే ఉంది. నేను గనిలో ఐదో అంతస్తు చేరాను. అక్కడ ఏ వింతా లేదు, నూనె ఇంకా తక్కువ, అంతే. అయినా ఆరోజంతా నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను. ఎనిమిదో అంతస్తు చూసినరోజు బయటికి వస్తే, అత్తయ్య కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"అప్పుడే అయిపోయాయా చుట్లు?"

"నాలుగే. కాస్త ఆయాసంగా ఉంటేనూ."

"ఎండ ఎక్కువగా ఉంది కదా అత్తయ్యా" అన్నాను. ఆమాట తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది. ఎండ కాదు ఏమీ కాదు, నా చేతుల్లో ఇంకా ఆటే ఉంది.

ఆ వారంలోనే ఆయన ఒకరోజు ఐదింటికే ఇంటికి వచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా నేరుగా నా దగ్గరికి వచ్చి, నన్ను భుజం పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టారు. ముఖంలో రక్తం లేదు. నా ఖాళీ చెయ్యి కొంగు కింద దాచుకున్నాను.

"కంగారు పడకు. మూడు రోజులుగా మధ్యాహ్నం పూట నీ గుండె లయ తప్పుతోంది. ఇవాళ నాలుగుసార్లు హెచ్చరిక వచ్చింది. రేపు పదింటికి గుండె డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను."

లోపలికి వెళ్ళి తనే నీళ్ళు తెచ్చారు. ఎన్నేళ్ళయిందో ఆయన నాకు మంచినీళ్ళు తెచ్చి. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ ఒక్క నిమిషం నాకు చాలా బాగుంది. ఆ జబ్బు నాదే అయితే బాగుండునని కూడా అనిపించింది. ఆయన భుజం మీదుగా చూస్తే, గది గుమ్మంలో అత్తయ్య. స్వెట్టరు చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని, చెప్పొద్దన్నట్టు తల ఊపుతున్నారు.

ఊరుకోవడం తేలికే. రేపు నాకు పరీక్ష చేస్తారు, నా గుండె నిక్షేపంలా ఉంటుంది, మిషనే తప్పు చూపిందనుకుంటారు. నా అరగంట నాకు దక్కుతుంది. అత్తయ్య నాలుగు చుట్లు తర్వాత మూడవుతాయి, తర్వాత రెండు. ఆ తర్వాత సంగతి ఆలోచించలేక నీళ్ళు తాగాను.

"ఆ గుండె నాది కాదండీ" అన్నాను. "అత్తయ్యది."

ఆయనకు అర్థం కాలేదు. నేను లేచి, అత్తయ్య చేతి మీది స్వెట్టరు పైకి లాగి చూపించాను. గేమ్ సంగతి, అడుగుల సంగతి, అంతా చెప్పేశాను. ఆయన అమ్మ దగ్గరికి పరుగెత్తుతారనుకున్నాను. ఫోను తీశారు. పాత లెక్కలు వెనక్కి వెనక్కి జరుపుతూ పోయారు.

"ఎప్పట్నుంచి?"

"రెండు నెలలు."

"అయితే ఈ రెండు నెలలూ ఇదంతా తప్పేనా?"

"ముందు మీ అమ్మని చూడండి" అన్నాను. ఆయన మీద నేను గొంతు పెంచడం అదే మొదటిసారి.

డాక్టరు అత్తయ్యకు మాత్రలు రాశారు. ఇంకో నెల ఆగి ఉంటే పక్షవాతం వచ్చి ఉండేదేమోనన్నారు. తిరిగి వస్తుంటే కారులో ఆయన అన్నారు, "చూశావా? ఆ బ్యాండే లేకపోతే?" ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ మిషన్ పట్టుకున్నది అత్తయ్య ఆయాసంలో ముందు నేనే చూడాల్సింది, చూడలేదు. ఆ తప్పు నాది. దాన్ని పట్టుకుని వారమంతా ఎదురు మాట లేకుండా తిరిగాను. ఆయనకు అది లొంగుబాటులా కనిపించినట్టుంది. అత్తయ్యకు వేరే బ్యాండు వచ్చింది. నా బ్యాండు కడిగి, తుడిచి, మళ్ళీ నా చేతికి పెట్టారు. రెండో రోజు నుంచే ఫ్యాక్టరీ నుంచి అత్తయ్యకు ఫోన్లు. "అమ్మా, గంట నుంచి కూర్చునే ఉన్నావేం? అమ్మా, రాత్రి మూడింటికి లేచావేం?"

"ఒంటికి వెళ్ళడానికి లేచాన్రా" అన్నారు అత్తయ్య. ఫోను పెట్టేసి నా వైపు చూశారు. "పదిహేను నెలలుగా నువ్వు దీంతో ఎలా వేగావే అమ్మాయ్?"

ఆదివారం ఆయన నిచ్చెన తెచ్చుకుని బట్టలుతికే గది గుమ్మం దగ్గర నిలబడ్డారు. చేతిలో కొత్త కెమెరా. "ఆ పెట్టె తీసెయ్యి. ఇంట్లో నాకు కనపడని చోటు ఉండబట్టే ఇదంతా జరిగింది" అన్నారు.

అత్తయ్య వచ్చి ఆ ముక్కాలిపీట మీద కూర్చున్నారు. "నేను ఇక్కడే కూర్చుంటాను, బిగించుకో" అన్నారు. పీట లేపకుండా నిచ్చెన వెయ్యడానికి చోటు లేదు. ఆయన నా వైపు చూశారు, నేను ఆవిణ్ణి లేపుతానని.

నేను బ్యాండు విప్పాను. దాని కింద చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. బ్యాండు తీసుకెళ్ళి ఆయన చొక్కా జేబులో వేశాను.

"అత్తయ్యది అత్తయ్య ఇష్టం. డాక్టరు చెప్పారు గనక ఉంచుకుంటారో, మానేస్తారో. ఆవిడ మాత్రలూ, ఆయాసం నేను చూసుకుంటాను, ఈసారి కళ్ళతో. ఇది మాత్రం నాకొద్దు."

"నీ గుండె ఎలా ఉందో నాకు తెలియొద్దా?"

ఆయన జేబులో ఫోను మోగింది, బ్యాండు చేతి మీద లేదని. ఆయన తీసి చూడబోయి ఆగారు.

"రెండు నెలలు మీ అమ్మ గుండెని నాదనుకుని చూశారు. మీకు తేడా తెలియలేదు" అన్నాను. "ఎదురుగానే ఉన్నాను. ఎలా ఉందో నన్నడగండి, చెప్తాను."

ఆయన కెమెరా పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను ఎదురుచూశాను. పీట మీద అత్తయ్య కూడా ఎదురుచూశారు. పదిహేనేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న ఎలా మొదలుపెట్టాలో ఆయనకు తెలియలేదు.