చప్పుడు రాని పెట్టె

“మీ అమ్మ ఊరికి పోయేనాటికి ఆ కంప్యూటర్ తయారుండాలె,” అన్నాడు నా భర్త రవీందర్. “సినిమా సూస్తుంటే దాని చప్పుడు ఇంత గూడ రావద్దు.”

ఆయన ఆ మాట అన్నప్పుడు మా అమ్మ ఆయనకు ఎదురుగానే కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అమ్మకు చెవులు వినపడవు. అందుకే మా ఇంట్లో అమ్మ గురించిన మాటలన్నీ అమ్మ ముందే నడుస్తుంటాయి. చాటుకు పోవలసిన అవసరం ఎవరికీ లేదు.

కోదాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ముప్పై రెండు కంప్యూటర్ల దుమ్ము దులపడం నుంచి ఫ్యాన్లు మార్చడం దాకా నా పనే. అయినా మా అత్తగారి లెక్కలో నేను ఏసీ రూంలో కూర్చుని వచ్చే మనిషిని. ఇంట్లో నా చదువు గుర్తొచ్చేది ఇలాంటప్పుడే. రవీందర్ మేళ్లచెరువు దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు. “పొద్దంత క్రషర్ల మోతల సచ్చి వస్త. ఇంట్లనన్న జర సైలెన్స్ ఉండొద్దా మనిషికి?” అంటాడు. అది అబద్ధమని నేనెన్నడూ అనుకోలేదు. ఎనిమిదేళ్లుగా ఆ సైలెన్స్ తయారుచేస్తున్నది నేనే. ఆయన లేవకముందే కుక్కర్ దించేస్తాను, ఆయన స్నానానికి పోయినప్పుడే మిక్సీ వేస్తాను, స్టీలు గిన్నెలు తువ్వాల మీద బోర్లిస్తాను, కాళ్లకు పట్టీలు ఎప్పుడు తీసేశానో నాకే గుర్తు లేదు. ఇల్లు దానంతట అదే చప్పుడు లేకుండా ఉంటుందని ఆయన నమ్మకం. ఒక మనిషి పొద్దస్తమానం ఒళ్లు దగ్గర పెట్టుకుని తిరిగితేనే అలా ఉంటుందని ఆయనకు తట్టదు.

కాబట్టి చప్పుడు లేని పెట్టెకు సామాను ఎంచడం నాకేం కష్టం కాలేదు. పాత పరీక్ష పేపరు వెనక రాసుకుంటూ పోయాను. సినిమాలకే కాబట్టి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ప్రాసెసర్‌లో ఉన్నది చాలు. కార్డు లేకపోతే దాని ఫ్యాన్లూ ఉండవు. గిరగిరా తిరిగే పాతరకం హార్డ్ డిస్క్ వద్దు, లోపల ఏదీ తిరగని ఎస్‌ఎస్‌డీ కావాలి. చిన్న ఫ్యాన్లు జోరుగా తిరిగి గోల చేస్తాయి, పెద్దది ఒక్కటి మెల్లగా తిరిగితే అంతే గాలి వస్తుంది. పని తక్కువున్నప్పుడు తన ఫ్యాను తానే ఆపుకునే పవర్ సప్లై కావాలి. క్యాబినెట్ రేకు మందంగా ఉండి, లోపల స్పాంజి అంటించి ఉండాలి. అక్కడ నా పెన్ను ఆగింది. వేడి పుట్టక తప్పదు, పుట్టిన వేడి బయటికి పోకా తప్పదు, కానీ పోతున్నట్టు ఎవరికీ తెలియకూడదు. ఇది ఎవరి గురించి రాస్తున్నానా అనిపించి నవ్వొచ్చింది. ఆ నవ్వు కూడా చప్పుడు లేకుండానే నవ్వుకున్నాను.

పెట్టె పెట్టేది వెనక గదిలో. రెండు నెలలుగా ఆ గదిలో అమ్మ ఉంటోంది. ఈ గోడకు తెర, ఆ మూలలకు స్పీకర్లు, మధ్యలో సోఫా అని ఆయన టేపు పెట్టి కొలుస్తుంటే, అమ్మ తన మంచాన్ని తానే పక్కకు జరిపి ఆయనకు చోటిచ్చింది.

అమ్మ పేరు నర్సమ్మ. మిర్యాలగూడలో రైసుమిల్లులో ఇరవై ఆరేళ్లు పనిచేసింది. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. నన్ను ఆరో తరగతిలోనే హాస్టల్లో వేసి, ఆ మోతలో నిలబడి చదివించింది. రవీందర్‌కు ఫ్యాక్టరీ వాళ్లు చెవుల్లో పెట్టుకునే బిరడాలిస్తారు. అమ్మకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఆమె చెవులు ఏ ఏట పోయాయో నేను కూడా గమనించలేదు. దవాఖానలో ఇచ్చిన చెవి మిషన్ ఒక్కరోజు పెట్టుకుని, “మిల్లు మల్ల చెవులకొచ్చింది బిడ్డా” అని తీసి డబ్బాలో వేసింది. మొన్న ఎండాకాలం, మిల్లు ముందర వెనక్కి వస్తున్న లారీ హారన్ వినపడక, మీదికొచ్చాక పక్కకు దూకి కాలు విరగ్గొట్టుకుంది. ఇప్పుడు కట్టు విప్పారు. మిల్లువాళ్లు ఇంక పనికి రావద్దన్నారు. మా అత్తగారు అనంతగిరి నుంచి వారానికోసారి ఫోన్ చేసి, “బిడ్డ ఇంట్ల తల్లి ఎన్ని దినాలుంటదమ్మా?” అని అడుగుతోంది. వచ్చే సోమవారం అమ్మను అదే లారీల రోడ్డు మీది కిరాయి గదికి ఒంటరిగా పంపాలి. ఈసారి పక్కకు దూకే సందు లేకపోతే అన్న మాట నా లోపల ఎన్నిసార్లు తిరిగిందో. ఒక్కసారీ నోటిదాకా రాలేదు.

అమ్మ గొంతు పెద్దది. తన మాట తనకు వినపడదు కదా. “సంతోషీ, చాయ్ తాగుతవా?” అంటే గోడ అవతలి వెంకటనర్సమ్మగారు “నాకూ ఇంత పొయ్యి” అని నవ్వుతుంది. నేను దగ్గరికి పోయి అరిస్తే, అమ్మ నా గడ్డం పట్టుకుని, “చెవుల అరవకు, నా దిక్కు తిరిగి చెప్పు,” అంటుంది. రవీందర్‌కు ఇవేవీ నవ్వు తెప్పించవు. ఒకరోజు అన్నాల దగ్గర, చప్పుడు కొలిచే యాప్ ఫోన్లో తెరిచి, అమ్మ మాట్లాడుతుండగా ఆమె మూతి దగ్గర పట్టుకున్నాడు. “డెబ్బై తొమ్మిది! మా క్రషర్ నయం.” అమ్మ ఫోన్ వైపు చూసి, ఆయన ముఖంలోకి చూసి, చిన్నగా నవ్వింది. ఎవరు మాట్లాడినా కళ్లార్పకుండా ముఖంలోకి చూడటం ఆమె అలవాటు. “గట్ల సూస్తుంటే నాకు ముద్ద దిగది. నీకు పరేషాన్ కాదా?” అని నన్నడిగాడు.

నేనేమన్నానో చెప్పాలి. అది దాచిపెట్టి ఆయన మాటలే రాస్తే ఈ కథ దండగ. “నాకూ తల నొస్తది. ఇంకొక్క పది రోజులు ఓపిక పట్టున్రి, పంపించేస్త,” అన్నాను. నవ్వుతూ అన్నాను. అమ్మ ఎదురుగా కూర్చుని పెరుగు కలుపుకుంటోంది.

బుధవారం సూర్యాపేటలో కంప్యూటర్ సామాను దుకాణానికి పోయాం. షాపాయన సాయిబాబు నా చేతిలోని చీటీ తీసుకుని చదివి, “మస్తు ఎంచిన్రు సార్. ఈ పవర్ సప్లై సంగతి ఎవలకూ ఎరుకుండది,” అని రవీందర్‌తో అన్నాడు. “నెట్ల జర సదివిన,” అన్నాడు రవీందర్. చీటీలో అక్షరాలు నావి. ప్రాసెసర్ కూలర్ ఎత్తు క్యాబినెట్‌లో పడుతుందా లేదా అని నేను అట్టపెట్టె మీది కొలతలు చూస్తూ నిలబడి ఉంటే, “మేడంకు కుర్చీ ఎయ్యున్రి,” అన్నాడు సాయిబాబు ఎంతో మర్యాదగా.

ఆదివారం పొద్దున వెనక గదిలో చాప పరిచి బిగించడం మొదలుపెట్టాను. అమ్మ మంచం మీద కూర్చుని తన చీరలు సంచిలో సర్దుకుంటూ నా చేతుల వైపే చూస్తోంది. అన్నాల వేళకు పెట్టె నడిచింది, తెర వెలిగింది. కానీ ఎక్కడో సన్నగా, ఆగి ఆగి జుయ్యిమని ఒక మోత. రవీందర్ ఫోన్ పట్టుకుని పెట్టె చుట్టూ తిరిగాడు. “ఇంత సదివినవ్, ఇదేనా? ఖరాబు ఫ్యాను ఏరినవ్.” చీటీ మళ్లీ నాదైంది. ఫ్యాను ఆపి చూశాను, తీసి మళ్లీ పెట్టి చూశాను. మోత ఎక్కడిదో దొరకలేదు.

అమ్మ లేచి వచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. కళ్లు మూసుకుంది. పైన, పక్కన నెమ్మదిగా చెయ్యి జరుపుతూ పోయి వెనక మూల దగ్గర ఆపింది. “ఫ్యాను మంచిగనే ఉంది. గీ రేకు వదులైంది, గిదే అదురుతాంది,” అంది. నేను అక్కడి స్క్రూ బిగించాను. మోత ఆగిపోయింది. మిల్లులో ఏ మోటరు చెడిపోతున్నా మెకానిక్ కన్నా ముందు తనే చెప్పేదాన్నని అమ్మ ఎప్పుడో అంటే, నేను సగమే విన్నాను.

రవీందర్ ఫోన్లో అంకె చూసి మురిసిపోయాడు. “ముప్పై ఒకటి!” తరువాత నా వైపు తిరిగి, అమ్మ ముందే అన్నాడు. “ఇగ రేపు మీ అమ్మను బస్సెక్కిస్తే, ఇంట్ల మిగిలిన ఒక్క మోత గూడ ఖతం.”

“రేపటిదాక ఎందుకు అల్లుడా,” అంది అమ్మ. “సంచి సర్దుకున్న. ఐదు గంటల బస్సుకే పోత.”

ఆయన బిత్తరపోయాడు. “ఆమెకు వినపడ్డదా?” అని నన్ను మెల్లగా అడిగాడు.

దానికీ అమ్మే జవాబు చెప్పింది. “వినపడలే. మిల్లుల గా మోతల మాటలు చెవులతోని ఎవలు వింటరయ్యా? మూతి సూసి తెలుసుకుంటం.” ఆ గొంతులో కోపం లేదు.

చిన్నప్పుడు సెలవుల్లో సద్దిగిన్నె పట్టుకుని మిల్లుకు పోయేదాన్ని. బస్తాలు కుట్టే ఒకామె ఆ కొసన, అమ్మ ఈ కొసన నిలబడి, అంత మోతలోనూ మూతులు కదిలించుకుంటూ పడి పడి నవ్వేవాళ్లు. గొంతులు లేకుండా ఏం మాట్లాడుకుంటున్నారని నేనెన్నడూ అడగలేదు. అంటే ఈ రెండు నెలలూ అమ్మ అన్నీ విన్నది. క్రషర్ నయమన్న మాట విన్నది. ముద్ద దిగదన్న మాట విన్నది. పెరుగన్నం కలుపుకుంటూ నా మాట కూడా విన్నది, నేను నవ్వుతూ అనడం చూసింది. ఆ పూట ఆ అన్నం ఎట్లా మింగిందో. ఆయన మాటలకు పోయేదే అయితే అమ్మ ఎప్పుడో పోయేది. ఆమె సంచి సర్దుకున్నది నా మాటకు.

అమ్మ సంచి చేతిలోకి తీసుకుంది. నేను ఆమె ఎదురుగా పోయి నిలబడ్డాను. గొంతు బయటికి రానివ్వకుండా, మూతి మాత్రం కదిలిస్తూ, “తప్పైందమ్మా. పోకు,” అన్నాను. అమ్మ చూపు నా పెదవుల మీద నిలిచింది. సంచి మెల్లగా మంచం మీదికి దిగింది.

“ఏమంటున్నవ్ ఆమెతోని?” అన్నాడు రవీందర్ వెనక నుంచి. “నాకేం వినపడ్తలేదు.”

నేను వంగి పెట్టె వైరు పీకేశాను. తెర ఆరిపోయింది.

“అమ్మ యాడికీ పోదు. ఈ గది అమ్మది. మీ పెట్టె హాల్ల పెట్టుకోన్రి.”

ఎనిమిదేళ్లలో ఆ ఇంట్లో నేను అంత గట్టిగా మాట్లాడింది లేదు. ఆయన చేతిలోని ఫోన్ ఎనభై నాలుగు చూపించింది. గోడ అవతల వెంకటనర్సమ్మగారు గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది.

“గంత గట్టిగెందుకు బిడ్డా,” అంది అమ్మ, నా చెయ్యి పట్టుకుని. “నువ్వు మెల్లగ చెప్పినా నాకు సమజైతది.”

“నీకు కాదమ్మా,” అన్నాను. “ఆయనకు.”