పులిసిన వాసన

హైమ ముక్కు సంగతి ముందు చెప్పుకోవాలి. జరిగినదంతా ఆ ముక్కు పుణ్యమే. పాలు విరగబోతున్నాయని పొయ్యి మీద పెట్టకముందే చెప్పేస్తుంది. పక్కింట్లో పప్పు అడుగంటితే ఆ ఇంటావిడ సుబ్బరత్నం కంటే ముందు హైమకే తెలుస్తుంది. పెళ్లయి కృష్ణా జిల్లా నుంచి భద్రాచలం కాపురానికొచ్చిన కొత్తలో, ముక్కిన బియ్యాన్ని బస్తా మూతి విప్పకుండానే పట్టేసిందని అత్తగారు వీధి వీధంతా చెప్పుకుంది. అప్పట్నుంచి ఆ ఇంట్లో ఏది మంచిదో ఏది పాడైందో హైమ ముక్కు చెప్పిందే తీర్పు. మనిషన్నాక ఏదో ఒక గొప్ప ఉండాలి కదా, ఆవిడకి అదుంది.

తొంభై నాలుగులో శ్రీరామనవమి దగ్గర పడింది. భద్రాచలంలో ఇల్లున్న పాపానికి నవమికి చుట్టాలు దిగక తప్పదు. చూస్తే వంటింట్లో సింకు కారుతోంది. స్టీలు సింకు అంచుకీ గ్రానైటు బండకీ మధ్య సందులో పెట్టిన తెల్ల సిమెంటు రెండుసార్లు పగిలిపోయింది. గిన్నెలు కడిగిన నీళ్లు ఆ సందులోంచి కింది అలమరలోకి దిగి, పప్పుల డబ్బాలు తుప్పు పడుతున్నాయి. హైమ పోరు పడలేక ఆవిడ భర్త వెంకటరామారావు, ఎరువుల కొట్టు పనిమీద బెజవాడ వెళ్లినప్పుడు, సిలికాన్ ట్యూబొకటీ దాన్ని నొక్కే తుపాకీ ఒకటీ కొనుక్కొచ్చాడు. అలాంటి వస్తువు ఆ వీధివాళ్లు చూడడం అదే మొదలు.

పూయడానికి మనిషి కావాలి. ఆ ఇంట్లో గిన్నెలు తోమే ముత్తక్క తన మొగుడు జంపయ్య పేరు చెప్పింది. జంపయ్య నల్లాల పని నేర్చిన కోయ మనిషి, చెయ్యి పెడితే కుదురుగా చేస్తాడు. ఒకప్పుడు కల్లు దగ్గరే అన్నీ మరిచిపోయేవాడు. కిందటేడు ఆ తాగుడు భరించలేక ముత్తక్క పిల్లలిద్దర్నీ తీసుకుని, చర్ల దారిలో అడవి లోపలున్న తల్లిగారి ఊరికి వెళ్లిపోయింది. దసరాకి జంపయ్య అక్కడికి వెళ్లి, ముత్యాలమ్మ గద్దె ముందు ఇక ముట్టనని ఒట్టేసి, పెళ్లాం పిల్లల్ని వెనక్కి తెచ్చుకున్నాడు. మళ్లీ ముట్టిన రోజున ఇక తనని మరిచిపొమ్మని ముత్తక్క అప్పుడే చెప్పింది. అప్పట్నుంచి అతను చుక్క ముట్టలేదు. ఈ కథంతా ముత్తక్కే హైమకు చెప్పింది, గిన్నెలు తోముతూ, కొంచెం సిగ్గుపడుతూ, కొంచెం మురుస్తూ.

పని రోజున వెంకటరామారావు కొట్టుకు బయల్దేరుతూ, బెజవాడ షాపువాడు చెప్పినదంతా జంపయ్యకు అప్పజెప్పాడు. పాత సిమెంటు బ్లేడుతో గీకెయ్యాలి. సందులో తడీ జిడ్డూ లేకుండా తుడవాలి. పూత పక్కకు పోకుండా సందుకు అటూ ఇటూ టేపు అంటించాలి. ట్యూబు మూతి ఏటవాలుగా కోసి, తుపాకీ ఒకే తీరున నొక్కుతూ పోవాలి, మధ్యలో ఆగకూడదు. ఆపైన సబ్బునీళ్లలో ముంచిన వేలితో ఒక్కసారి నిమిరి, మీగడ కట్టకముందే టేపు లాగెయ్యాలి. ఒకసారి గట్టిపడిందా, దాని మీద కొత్తది అతకదు, అంతా కోసి పారేసి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. జంపయ్య అన్నిటికీ తలూపాడు.

హైమ హాల్లో బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. కాసేపటికి మంచినీళ్లకని వంటింట్లోకి అడుగుపెట్టేసరికి పుల్లటి కంపు గుప్పుమంది. పులిసిన కంపు. జంపయ్య సింకు మీదికి బాగా వంగి, సందు వెంట తెల్లటి గీత గీసుకుంటూ పోతున్నాడు. అలికిడికి తలెత్తాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, నీళ్లు కారుతున్నాయి. పైగా నోట్లో ఏదో కూనిరాగం. ఇంకేం కావాలి? హైమకు ఒళ్లు మండిపోయింది. దేవుడి పటం ఉన్న వంటింట్లోకి, నవమి ముందు, కల్లు తాగొచ్చాడు.

పని ఆపి ఇంటికి పొమ్మంది. సగమే అయింది, మధ్యలో ఆపితే అతకదని అయ్యగారు చెప్పారంటూ అతనేదో అనబోయాడు. హైమ విననే లేదు. తాగొచ్చి తన వంటింట్లో నిలబడడానికి సిగ్గులేదా అని అడిగింది.

"తాగలే అమ్మా," అన్నాడు జంపయ్య.

ఒక్కసారే అన్నాడు. రెండోసారి అనలేదు. దాన్నే హైమ ఇంకో రుజువుగా తీసుకుంది. తప్పు లేనివాడైతే వాదించడా అనుకుంది. అతను తుపాకీ కింద పెట్టి, చేతులు కడుక్కున్నాడు. ఎంత కడిగినా వేళ్లకంటిన బంక వదల్లేదు. అలాగే తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. హైమ కిటికీలు తెరిచి, వంటిల్లంతా పసుపునీళ్లు చల్లింది. సాయంత్రమైనా కంపు పోలేదు. మనిషి పోయినా కంపు పోలేదంటే ఎంత తాగి ఉంటాడో చూడండని మొగుడికి చెప్పింది. అక్కడ ఆగి ఒక్క క్షణం ఆలోచిస్తే సరిపోయేది. కానీ తీర్పిచ్చేసిన ముక్కుకి మళ్లీ ఆలోచన ఎందుకు?

గిన్నెలకొచ్చిన ముత్తక్కకు హైమ మొహం మీదే చెప్పేసింది. నీ మొగుడు తాగొచ్చాడు, ఒట్టు గిట్టు ఏమీ లేదు, నువ్వు పిచ్చిదానివై నమ్ముతున్నావు అంది. ముత్తక్క చేతిలో గిన్నె కింద పెట్టింది.

"మీరే చూసిండ్రా అమ్మా?"

"చూసేదేంటే, వాసనొచ్చింది. నా ముక్కు సంగతి నీకు తెలీదా?"

ముత్తక్క మిగిలిన గిన్నెలు తోమి, బోర్లించి, వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. పిల్లల్ని తీసుకుని చర్ల బస్సెక్కిందని తర్వాత తెలిసింది. పాపం అనుకుంది హైమ, కానీ తాగుబోతుతో కాపురం కంటే నయమేలే అని కూడా అనుకుంది. అంత తేలిగ్గా అనుకున్నందుకు తర్వాత ఎన్నిసార్లు చెంపలేసుకుందో ఆవిడకే తెలియాలి.

జంపయ్య పూసినంత మేర చుక్క నీరు దిగలేదు. పూయని సగం మాత్రం ధారగా కారుతోంది. నవమి ముందు ఇంకో పనివాడు దొరకలేదు. చివరికి హైమే చీర కుచ్చిళ్లు దోపుకుని తుపాకీ పట్టింది. తుడిచింది, టేపు అంటించింది, సింకు మీదికి వంగి ట్యూబు నొక్కింది. తెల్లటి బంక వెలువడింది. దానితోపాటే వాసన.

పుల్లటి, పులిసిన, అదే వాసన.

హైమ చెయ్యి ఆగిపోయింది. ట్యూబు మూతి దగ్గర ముక్కు పెట్టి చూసింది. కళ్లు భగ్గుమని మండి నీళ్లొచ్చాయి. గోడనున్న చిన్న అద్దంలో మొహం చూసుకుంటే కళ్లు రెండూ ఎర్రగా ఉన్నాయి. అప్పుడు తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది, అది మరీ సిగ్గుచేటు. తన జన్మలో కల్లు వాసన ఎన్నడూ చూడనే లేదు. పుట్టింట్లో కల్లన్న మాటే ఎత్తేవాళ్లు కాదు. ఇక్కడ కల్లు పాక దారిన పోయినప్పుడల్లా దూరం నుంచే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. పులిసిందల్లా కల్లే అనుకుంది. ఊరు మెచ్చిన ముక్కు తెలియని వాసనకి పేరు పెట్టింది, ఆ పేరు మీద ఒక కాపురం కూలింది. వంటింట్లో నేల మీద కూలబడి చాలాసేపు ఏడ్చి, లేచి మిగతా సగం పూసింది.

రాత్రి మొగుడికి చెప్తే అతను నవ్వేసి, వాడేమన్నా శ్రీరామచంద్రుడా, ఒకప్పుడు తాగినవాడేగా, పోనీ అన్నాడు. ఆ మాట పట్టుకుని తప్పించుకోవాలని హైమకూ అనిపించింది. నవమి అయ్యాక చూద్దాం అనుకుంది. చుట్టాలొచ్చారు, కల్యాణం అయింది, ముత్యాల తలంబ్రాలు పంచుకున్నారు. పూత రెండు సగాలు కలిసిన చోట మాత్రం మళ్లీ నీరు దిగడం మొదలైంది. రోజూ కింద గిన్నె పెట్టి, ఆ చుక్కల చప్పుడు వింటూ వండింది. ఇవాళ వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూ ఉండగానే ఒకనాడు సుబ్బరత్నం గోడ మీదుగా పలకరించి, జంపయ్య ఊరవతల కల్లు గీసే జీలుగు చెట్ల కింద కూర్చుని ఉండగా తన కళ్లతో చూశానంది.

"నీ ముక్కే ముక్కు హైమా. అందరికంటే ముందు నువ్వే పట్టేశావు."

ఆ మెచ్చుకోలు చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఇన్నాళ్లు ఆగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. మర్నాడు పొద్దున్నే ట్యూబులో మిగిలినది తుపాకీతో సహా సంచిలో పెట్టుకుని చర్ల బస్సెక్కింది. ముందు జంపయ్య దగ్గరికి వెళ్లాలని తెలుసు. కానీ ఆ మనిషి మొహం చూసే ధైర్యం లేదు. ఆడదాంతో అయితే చెప్పుకోగలననుకుంది.

బస్సు దిగి, మోదుగు చెట్ల మధ్య బాటన అడుగుతూ అడుగుతూ వెళ్లేసరికి ఎండ ముదిరింది. ముత్తక్క తల్లిగారి వాకిట్లో ఇప్పపూలు ఎండబోస్తోంది. హైమను చూసి లేచి, కూర్చోమని మంచం వాల్చింది. హైమ కూర్చోలేదు. సంచిలోంచి ట్యూబు తీసి, ఒక ఆకు మీద కొంచెం నొక్కి, ముత్తక్క చేతికిచ్చింది. చూడు, ఆ రోజు వచ్చిన వాసన ఇదే, తాగాడన్నది అబద్ధం, తప్పంతా నాదే అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ముత్తక్క ఆకు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆశ్చర్యపోలేదు.

"అవ్, ఇదే. ఆ రోజు ఆయన చేతులకు గిదే వాసన ఉండె. కల్లు గాదని నాకు ఎరికే అమ్మా. పుట్టిన కాడికెల్లి కల్లు చూస్తున్నదాన్ని, నాకు తెల్వదా?"

"మరి తెలిసీ ఎందుకొచ్చేశావే?"

"మీరు చెప్పిండ్రు గద," అంది ముత్తక్క. "గంత పెద్దింటి అమ్మ చెప్తే, నా ముక్కే తప్పేమో అనుకున్న."

అంతకంటే హైమను తిట్టినా బాగుండేది. ముత్తక్క ఆకు మడిచి పారేసి, పిల్లలు నాయన కోసం ఏడుస్తున్నారనీ, ఆయన ఒట్టు నిలబెట్టుకుని ఉన్నాడని కబురందితే తెల్లారేసరికి తానే బస్సెక్కి వస్తాననీ చెప్పింది. తప్పి ఉంటే మాత్రం రాదు. ఆ మాట గద్దె ముందు అనుకున్నది, మార్చడానికి లేదు. జీలుగు చెట్ల సంగతి హైమ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఈసారి తన కళ్లతో చూడనిది చెప్పకూడదనుకుంది.

తిరుగు బస్సులో దారంతా ఒక్క సామెతనే పట్టుకుని కూర్చుంది. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు. సుబ్బరత్నం చూసింది కూర్చోవడమే కదా, తాగడం కాదు కదా. నీడకి కూర్చుని ఉంటాడు. మనసు పాడై కూర్చుని ఉంటాడు. సామెతలు ఊరికే పుట్టవు, ఇదొక్కసారి నిజం చెయ్యి తల్లీ అని ముత్యాలమ్మకి మొక్కుకుంది.

బస్సు దిగి ఇంటికి పోకుండా నేరుగా జీలుగు చెట్ల దగ్గరికే నడిచింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోలేదు. జంపయ్య ఒక చెట్టు మొదట్లో వీపు ఆనించి కూర్చుని ఉన్నాడు, పక్కన సొరకాయ బుర్ర. అమ్మగారు అక్కడికి రావడం చూసి లేవబోయి, కాళ్లు నిలవక మళ్లీ కూర్చుండిపోయాడు.

హైమ అతని ఎదుట నేల మీదే కూర్చుంది. ఆ వాసన ట్యూబుదని చెప్పింది. తను కల్లు వాసనే ఎరగదని చెప్పింది. తప్పయిపోయింది జంపయ్యా అని, జీవితంలో మొదటిసారి ఒక పనివాడికి చేతులు జోడించింది. అతను చెట్లకేసి చూస్తూ అన్నాడు.

"నాలుగు దినాలు ఒట్టు మీదనే ఉన్న అమ్మా. ఎవలూ నమ్మలే. ఇగ ఎవలి కోసం ఉండాలె అనిపించింది."

తర్వాత సొరకాయ బుర్ర తీసి, మర్యాదగా ఆమె వైపు చాపాడు.

"వాసన చూడుండ్రి. కల్లు గిట్లుంటది."

హైమ రెండు చేతులా బుర్ర అందుకుని వాసన చూసింది. తన వంటింట్లో ఆ వాసన ఎన్నడూ రాలేదు.