కాలిపా ముట్టుకున్న చెట్టు

కాలిపా ఆపిల్‌ను నాలుగు ముక్కలుగా కోసి మూడింటిని పక్కన పెట్టింది. ఆపిల్ భూమి అనుకుంటే అవి సముద్రాలట. మిగిలిన ముక్కే నేల. అందులో సగం మంచు, ఎడారి, కొండలు. ఆ సగాన్నీ కోసి తీసేసింది. ఇంకా తీసేయవలసినవి తీసేశాక, ప్రపంచానికంతటికీ తిండి పండించే నేల గోరంత తొక్కగా చాకు మొన మీద మిగిలింది. దాన్ని పైకెత్తి పట్టుకుంది. ఆ తర్వాత ఏం చెప్పాలో గుర్తురాక అలాగే నిలబడిపోయింది.

పిల్లలు తొక్కను చూడటం లేదు. సముద్రాల్నే చూస్తున్నారు. మార్చి నెలలో, నారిన్ కొండల్లోని ఆ ఊళ్ళో ఆపిల్ అంటే మాటలు కాదు.

"సరే, తినండి" అంది చివరికి.

"నేను సముద్రం తిన్నాను, ఎజే" అన్నాడు తిలెక్ మూతి తుడుచుకుంటూ. "వీడికి ఎడారి దొరికింది. అందుకే ఏడుపుముఖం పెట్టాడు."

ఎజే అంటే అక్క. పిల్లలేమిటి, ఊరంతా ఆమెను అలాగే పిలుస్తుంది. పొట్టి మనిషి, బరువైన ఒళ్ళు. వెనక్కి ముడివేసిన పువ్వుల రుమాలు, చలి తగ్గినా వదలని ఉన్ని కోటు, సుద్దపొడికి పగిలిన వేళ్ళు. ముప్పై ఏళ్ళ పైచిలుకుగా నాలుగో తరగతికి ఆమే టీచరు. బోర్డు మీద రాసేది, పిల్లలు పుస్తకాల్లోకి ఎక్కించుకునేవారు, బెంచీల మధ్య తిరుగుతూ వంకర అక్షరాలు చూపించేది. అందులో అయోమయం ఏమీ ఉండేది కాదు. ఈ చలికాలంలో పట్నానికి పిలిచి కొత్త పాఠాలు నేర్పారు. ప్రకృతి, ఆరోగ్యం, కలిసిమెలిసి పనిచేయడం. అన్నీ చేతులతో చేయించాలి, నోటితో చెప్పకూడదు. పిల్లలే అన్నీ కనుక్కుంటే మరి టీచరు ఏం చేయాలి అని అడుగుదామనుకుంది. అక్కడున్నవాళ్ళంతా చిన్నవాళ్ళు. నవ్వుతారేమోనని ఊరుకుంది.

ఆపిల్ తర్వాత ఊపిరి పాఠం. పిల్లలు నేల మీద పరిచిన కంబళి మీద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చేయి పెట్టుకుని, మెల్లగా గాలి పీల్చి వదలాలి. హెడ్మాస్టరు జాకిప్ తలుపు దగ్గర ఆగి తొంగి చూశాడు.

"మీరూ పడుకోవాలి, కాలిపా ఎజే. కొత్త పద్ధతి."

"పడుకుంటాను సరే. మళ్ళీ లేపడానికి ఏ పద్ధతో అది కూడా చెప్పండి" అంది కాలిపా. కంబళి మీదున్న పొట్టలన్నీ నవ్వుతో ఎగిరిపడ్డాయి. ఊపిరి పాఠం అక్కడితో చెడిపోయింది.

మూడోది చెట్టు ఆట. ఇద్దరిద్దరు జత కట్టాలి. ఒకరికి కళ్ళకు గంత కట్టి, రెండోవారు చేయి పట్టుకుని ఒక చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాలి. గంత కట్టుకున్నవారు ఆ చెట్టును తడిమి గుర్తుపెట్టుకుని, వెనక్కి వచ్చాక కళ్ళు తెరిచి దాన్ని వెతికి పట్టుకోవాలి. బడి వెనక కాలువ పొడుగునా పాప్లర్లూ విల్లో చెట్లూ ఉన్నాయి. జతలు కుదిరాక బేగాయిమ్ మిగిలిపోయింది. తల్లి మాస్కోలో పనికి కుదిరినప్పటినుంచి ఆ పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటోంది. ఎవరూ ఆమెను పొమ్మనరు, రమ్మనీ అనరు.

జత లేని పిల్లతో టీచరే ఆడాలి.

"మీకు నేను కడతాను, ఎజే" అంది బేగాయిమ్.

కాలిపా వంగింది. రుమాలు బిగిసింది. చీకటైపోయింది. చల్లటి చిన్న చేయి ఆమె రెండు వేళ్ళు పట్టుకుని లాగింది. కాలిపా కాళ్ళు కదల్లేదు.

ఈ ఊరికి ఆమె వచ్చింది ఇలాగే. పందొమ్మిదేళ్ళప్పుడు, పట్నంలో టీచరు చదువు చదువుతుండగా, ఒక సాయంత్రం హాస్టలుకు నడిచి వస్తుంటే కారు ఆగింది. అందులో సాదిర్‌కుల్, అతని స్నేహితులు. అంతకుముందు అతన్ని చూసింది ఒకటి రెండుసార్లే. ఆమెను బలవంతంగా లోపలికి లాక్కుని, తెలియని ఇంటి ముందు దింపారు. ఆడవాళ్ళు ఎదురొచ్చి, పెళ్ళికూతురికి కప్పే తెల్లటి రుమాలు గడ్డం దాకా లాగి కప్పి, రెండు చేతులూ పట్టుకుని లోపలికి నడిపించారు. గడప తగిలి పడింది. ఎవరో నవ్వారు. తెల్లవారేసరికి ఆమె ఆ ఇంటి కోడలు. సాదిర్‌కుల్ తాగలేదు, కొట్టలేదు. చదువు పూర్తి చేయనిచ్చాడు. అతను పోయినప్పుడు ఆమె నిజంగానే ఏడ్చింది. ఆ సాయంత్రం గురించి మాత్రం అతనితో గానీ, కన్న కూతురితో గానీ ఎప్పుడూ మాట్లాడలేదు. అది మంచో చెడో ఆమెకే తేలలేదు. తేలని సంగతి ఎలా చెప్పుకోవడం?

"భయమా, ఎజే?"

"భయమేమిటే. మోకాళ్ళు."

"ఇక్కడ కాలువ ఉంది. కాస్త పెద్ద అడుగు వెయ్యండి. తొందరేం లేదు. మీరు దాటాకే నేను కదులుతా."

 ఆ సాయంత్రం తనను పట్టుకున్న అన్ని చేతుల్లో ఒక్కటీ గడప ఉందని చెప్పలేదు. కాలిపా పెద్ద అడుగు వేసింది. కాలికి గట్టినేల తగిలింది. ఇక్కడ బురద, ఇక్కడ రాయి, తల వంచండి కొమ్మ ఉంది అంటూ ఆ పిల్ల చెప్పుకుపోతోంది. ఏడాదంతా ఆ నోటినుంచి ఆమె అన్ని మాటలు వినలేదు.

చెట్టు బెరడు గరుకుగా ఉంది. నడుము ఎత్తున ఒక కణుపు. దాని కింద చిన్న తొర్ర, అందులో వేలు మునిగేటంత నీళ్ళు. చేదు వాసన. కాలిపా చెంప ఆనించింది. రుమాలు ఎప్పుడు తడిసిందో తెలియలేదు. ఏడుపు దేనికో కూడా తెలియలేదు. ఆ పందొమ్మిదేళ్ళ పిల్ల కోసమో, సాదిర్‌కుల్ కోసమో, ఊరికే ఎవరో చేయి పట్టుకుని నిదానంగా నడిపించినందుకో. బేగాయిమ్ పక్కన నిలబడింది.

వెనక్కి వచ్చి గంతలు విప్పాక పిల్లలంతా తమ తమ చెట్లను పట్టేసుకున్నారు. కాలిపాకే దొరకలేదు. ఆ చెట్లలో సగం ఆమె పాత విద్యార్థులు నాటినవే. ఒక్కొక్కదాన్నే తడిమి చూసింది. బేగాయిమ్ చేతులు వెనక్కి కట్టుకుని, ముసిముసిగా నవ్వుతూ తల అడ్డంగా ఊపింది.

"చెప్పేయవే తల్లీ."

"చెప్పకూడదని మీరేగా అన్నారు."

"ఎజే ఫెయిల్" అన్నాడు తిలెక్.

గంట కొట్టారు. రేపు వెతుకుతానంది కాలిపా. బేగాయిమ్ ఏదో అనబోయి, ఆగి, సరేనన్నట్టు తల ఊపి వెళ్ళిపోయింది.

పిల్లలు ఏం నేర్చుకున్నారని మధ్యాహ్నం జాకిప్ అడిగాడు. తెలియదంది కాలిపా. అతను ఆమె ముఖంలోకి చూసి, ఇంటికెళ్ళి కాస్త పడుకోమన్నాడు.

ఇంటికి వెళ్ళలేదు. పొద్దు వాలుతుండగా కాలువ దగ్గరికి పోయి, కళ్ళు మూసుకుని చెట్లను తడిమింది. ఒకదానికి కణుపుంది, తొర్ర లేదు. ఇంకొకదానికి తొర్ర ఉంది, అందులో నీళ్ళు లేవు. ఆవుల్ని తోలుకొస్తున్న ఒకావిడ ఆగి చూసి వెళ్ళిపోయింది. చివరికి, నియమం తప్పినా ఫరవాలేదనుకుని, అడిగేద్దామని బేగాయిమ్ ఇంటికి వెళ్ళింది.

అమ్మమ్మ సాలియా వాకిట్లో బకెట్ కడుగుతోంది.

"అది మధ్యాహ్నమే వెళ్ళిపోయిందే, కాలిపా. మాస్కోకి. తల్లి చుట్టాల కారు పంపింది. నీకు చెప్పలేదూ? నిన్ననే తెలుసు దానికి."

"చెప్పలేదు, పెద్దమ్మా."

"దాని తీరే అంత. వెళ్ళేముందు సూప్ తాగుతూ తనలో తనే నవ్వుకుంది. ఎందుకే అంటే, 'ఎజే ఇంకా వెతుకుతూనే ఉంటుంది' అంది. ఏం పోగొట్టుకున్నావమ్మా నువ్వు?"

కాలిపా చేతికంటిన బెరడు పొడి దులుపుకుంది. సాలియా లోపలికి రమ్మని, టీ తాగి వెళ్ళమని బలవంతం చేసింది.

గడప పక్కన బేగాయిమ్ పాత రబ్బరు జోళ్ళ జత ఉంది. తల్లి కొత్త బూట్లు పంపిందట, ఇవి వద్దని ఆ పిల్ల వదిలేసి వెళ్ళిందట. వాటి ముందు భాగాలు ఇంటివైపే తిరిగి ఉన్నాయి, అంచుల మీది బురద ఇంకా ఆరలేదు.